ఒకటిన్నర

విల్లెన్‌హాల్‌ బజారులో పందేల షాపు,
అద్దం వెనక నేను.
ఒకప్పుడు ఊరూరికీ తాళాలు చేసి పంపిన చోటు ఇది,
ఇప్పుడు సగం దుకాణాలకు అవే వేలాడుతున్నాయి.

"ఏషియన్ హ్యాండికాప్ అంటే ఏంటమ్మాయ్,
నువ్వే చెప్పాలి, పేరులోనే ఉన్నావుగా"
అని నవ్వాడు ట్రాంటర్,
నలభై ఏళ్ళు ఆకురాయి పట్టిన వేళ్ళతో
పొట్టి పెన్సిలు తిప్పుతూ.

చెప్పాను.
బలమైన జట్టు నెత్తిన ఒకటిన్నర గోలు బరువు పెడతాం.
ఒక్క గోలు తేడాతో నెగ్గిందా,
మైదానంలో నెగ్గినట్టు, చీటీ మీద ఓడినట్టు.
బక్క జట్టుకి అదే ఒకటిన్నర చేతిలో పెట్టి పంపుతాం.
ఒక్క గోలుతో ఓడి రానీ,
ఇక్కడ గెలుపే.

"అర గోలు ఎవడు కొడతాడు?"
ఎవడూ కొట్టడు. అందుకే పెట్టారు,
తగువు తెగకుండా మిగిలిపోకూడదని.
సరిగ్గా ఒకటే ఇచ్చి, తేడా కూడా ఒకటే అయితే
ఎవరి డబ్బు వాళ్ళకి, వచ్చిన దారినే.
ముప్పావు అన్నావో, నీ పది పౌండ్లని నిలువునా చీలుస్తాం,
ఐదు అర మీద, ఐదు ఒకటి మీద.
ఒక సగం గెలిచి
ఒక సగం ఊరికే తిరిగొచ్చే రోజులుంటాయి.
"పెళ్ళిలాగా" అన్నాడు.
నేనేం అనలేదు.

శుక్రవారం దాకా ఒకటే ఉంది.
గోల్‌కీపర్ వేలు విరిగిందని కబురొచ్చాక
తెల్లారేసరికి ఒకటిన్నర అయింది.
ఒకరి వేలికి ఇంత ధర కట్టగలరని
ఈ ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలీదు.

ఆయనకి చెప్పనిది ఒకటుంది.
తెనాలిలో, మా వీధి చివర,
నేను ఆటలో అరటిపండుని.
దొరికినా దొంగని కాను,
ముట్టుకున్నా లెక్క కాదు.
కుంటాటలో పట్టేవాడు ఒంటికాలి మీదే గెంతాలి కదా,
ఆ ఆటలో కూడా నన్ను అరటిపండునే చేశారు.
అమ్మ దాన్ని దయ అంది.

ఇక్కడి ఆస్పత్రిలో కొలతలు తీసి
ఎడమ బూటు కింద అంగుళమున్నర మందం కట్టారు.
కాలు పెరగలేదు. లెక్క సరిపోయింది.
మర్నాడు బస్సు తప్పిపోయింది.
డ్రైవరు అద్దంలో చూశాడు, ఆగలేదు,
అందరికి ఆగనట్టే.
ఎంత సంతోషమేసిందో ఎవరికి చెప్పను?

శనివారం మధ్యాహ్నం.
ట్రాంటర్ తన జట్టు మీదే, ప్లస్ ఒకటిన్నర, పది పౌండ్లు.
డెబ్బయ్యో నిమిషానికి రెండు సున్నా.
టీవీలో వాన, గొడుగులు మెట్లు దిగిపోతున్నాయి.
తొంభై మూడులో
ఎవరి మోకాలికో తగిలి, ఎటో పోవలసిన బంతి
లోపలికి దొర్లింది.
కొట్టినవాడు చేతులైనా ఎత్తలేదు.
ఓడిన ఆటలో ఎవరికీ అక్కర్లేని గోలు.
మా షాపులో మాత్రం
డెబ్బై నాలుగేళ్ళ మనిషి
కుర్చీ పడిపోయేలా లేచాడు.

అద్దం కింద నుంచి చీటీ తోశాడు.
పందొమ్మిది లెక్కపెట్టాను.
"రెండు వైపులా సమానం చేశామన్నావు,
ఇరవై కదా రావాలి?"
ఆ ఒక్క పౌండూ సమానం చేసినందుకు మా కూలి.
త్రాసు మాది, తూనికరాళ్ళూ మావే.
దయ అని నేను అన్నానా?

నోట్లు మడిచి, గుమ్మంలో ఆగి,
"ఓడిపోయాం కదూ" అన్నాడు,
వానతో అన్నట్టు.

షట్టరు దించి తాళం వేశాను.
దాని అడుగున వేరే దేశం పేరు.
తడి రాళ్ళ మీద నా అడుగులు,
ఎత్తు ఒకటే, చప్పుళ్ళు రెండు.
మలుపులో బస్సు దీపాలు కనబడ్డాయి.
పరిగెత్తాను.